భయం వెడల్పు

మా ఇంట్లో భయాన్ని టేపు పెట్టి కొలుస్తారు. కొలిచేది నా కోడలు. భయపడేది నేను.

ఆమె రేడియోలో సినిమాల గురించి మాట్లాడుతుంది. ఏడాది పొడుగునా ఏవో మామూలు సినిమాలు చెప్పినా, అక్టోబరు చివర దయ్యాల పండగ హాలోవీన్ వారం వచ్చేసరికి ఊరంతా ఆమె గొంతు కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంటుంది. ఈమధ్య వచ్చిన దయ్యాల సినిమాల్లో ఏవి చూడాలి, ఏవి చూడక్కర్లేదు, దేనికి దీపాలన్నీ వేసుకుని కూర్చోవాలి, దేన్ని ఒంటరిగా అస్సలు చూడకూడదు, అన్నీ వరసగా చెబుతుంది. చిక్కేమిటంటే ఆమెకి భయం వెయ్యదు. ఇన్నేళ్లుగా అవే చూసి చూసి మొద్దుబారిపోయింది. గోడలోంచి చెయ్యి బయటికి వస్తూంటే, "ఆ మోచేతి దగ్గర రంగు సరిగ్గా అంటలేదు, చూశారా అత్తయ్యా?" అంటుంది.

అందుకని నన్ను పెట్టుకుంది.

చేతిలో అల్లిక లేకపోతే నేను ఒకచోట కూర్చోలేను. ఒకసారి ఆమెకే అల్లుతున్న స్వెట్టరులో ఛాతీ భాగాన్ని ఆమె పక్కన కూర్చుని అలాంటి సినిమా చూస్తూ అల్లాను. తొడుక్కుంటే నడుము దగ్గర బాగానే ఉంది, ఛాతీ దగ్గరికొచ్చేసరికి ఊపిరాడలేదు. కుట్లు లెక్కపెట్టి చూసింది. ఒక్కటీ తగ్గలేదు. దారం బిగిసింది, అంతే. భయపడినప్పుడు నా వేళ్లు దారాన్ని బిగించి లాగుతాయట. నా వేళ్ల సంగతి నాకే తెలియదు, ఆమె కనిపెట్టింది. అప్పట్నుంచి ఇదే మా పద్ధతి. ఒక్కో సినిమాకి ఒక్కో రంగు ఊలు. అవే సూదులు, అన్నే కుట్లు. సినిమా మొదలవగానే పట్టీ మొదలుపెడతాను, అయిపోగానే ముడి వేసేస్తాను. తర్వాత ఆమె ఆ పట్టీని భోజనాల బల్ల మీద పరిచి, అరచేత్తో నిమిరి, టేపు పెడుతుంది. ఎంత ఇరుగ్గా వస్తే అంత భయంకరమైన సినిమా అన్నమాట. "మా ఇంటి కొలత ప్రకారం" అని ఆమె రేడియోలో అంటే జనానికి గురి.

ఒక్కటే నియమం. కార్యక్రమం అయ్యేదాకా ఎక్కడ భయమేసిందో నన్ను అడగదు. "నోటిని అడిగితే మర్యాదకి ఏదో ఒకటి చెబుతుంది. చేతులకి మొహమాటం ఉండదు" అంటుంది.

కోడలు అంటున్నాను గానీ, కాగితాల ప్రకారం ఆమె నాకేమీ కాదు. మావాడూ ఆమే విడిపోయి చాలాకాలమైంది. వాడు తన బట్టలూ పుస్తకాలూ సర్దుకుని వెళ్లి ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఈమె మాత్రం, "ఏదో ఒక గది దొరికేదాకా ఉంటాను అత్తయ్యా" అంది. గది దొరకలేదు. వెతికిందో లేదో నేను అడగలేదు. అత్తయ్యా అని పిలవడం ఆమె మానలేదు, మానమని నేనూ చెప్పలేదు. ఎవరైనా "ఆవిడ మీకేమవుతారు?" అంటే మాట మార్చేస్తాను.

పొద్దున్నే ఆమె పనికి బయల్దేరితే నేను బాల్కనీలో నిలబడతాను. వీధి మలుపు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చెయ్యి ఊపాలి. ఊపకపోతే ఆ రోజంతా నాకు గుండెల్లో రాయి పెట్టినట్టే. మా ఆయన ఒకరోజు చెయ్యి ఊపకుండా, సంచీ భుజానికి సవరించుకుంటూ మలుపు తిరిగాడు. సాయంత్రం ఆయన్ని ఆసుపత్రి బండిలో తీసుకొచ్చారు. దానికీ దీనికీ సంబంధం లేదని నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన బాల్కనీలోంచి లోపలికి రాగలనా?

ఈ ఏడాది నాలుగు సినిమాలు ఎంచుకుంది. పగలే, కిటికీ తెరలు దించి చూశాం. నారింజరంగు సినిమాలో కొత్తగా అద్దెకి దిగిన దంపతులుంటారు. వాళ్ల గుమ్మం పక్కన ఎవరో పిల్లవాడి ఎత్తు పెన్సిలుతో గీసి ఉంటుంది. వాళ్లకి పిల్లల్లేరు. రోజూ తెల్లవారేసరికి గీత కొంచెం పైకి పోతూంటుంది. ఆ గీత భర్త భుజం దాటినప్పుడు నా సూది చేతిలోంచి జారిపోయింది. నీలంరంగు సినిమాలో ఫోన్లో ఫిర్యాదులు తీసుకునే అమ్మాయికి తన ఇంటి నెంబరు నుంచే, తన గొంతుతోనే ఫోను వస్తుంది. ఆకుపచ్చ సినిమాలో ఈతకొలను ఖాళీ చేసేశాక కూడా కాపలాదారుకి అలల చప్పుడు వినిపిస్తూంటుంది.

"ఇది వెడల్పుగా వచ్చింది. నవ్వుకున్నారా ఏంటి?" అంది ఆకుపచ్చ పట్టీని కొలుస్తూ.

"ఆ కాపలావాడి మీసం చూస్తే నవ్వొచ్చింది. నీళ్లలో పడి ఒకవైపు ఊడిపోయేలా ఉంది."

"అత్తయ్యా! ష్! నియమం!"

"నువ్వే అడిగావు, నువ్వే ష్ అంటావు. మా రోజుల్లో దయ్యమైతే తెల్లబట్టలు కట్టుకుని, పాటొకటి పాడుకుంటూ వచ్చేది. వచ్చిందని తెలిసేది. ఇప్పటి దయ్యాలు వస్తున్నాయో లేదో కూడా చెప్పవు."

"అదే అత్తయ్యా అసలు కిటుకు. రాకముందే భయపెట్టాలి."

నాలుగోది బూడిదరంగు సినిమా. కొండమీద లాడ్జి నడుపుకునే భార్యాభర్తలు. మంచు కురిసే కాలంలో భర్త సరుకుల కోసం కిందికి దిగుతాడు. భార్య ఎదురుచూస్తుంది. సినిమాలో ముప్పాతిక భాగం అంతే, ఎదురుచూపు. సగం అయ్యేసరికి మా కోడలికి ఆవలింతలు మొదలయ్యాయి. "మీరు చూస్తూండండి, నేను కాఫీ కలుపుకొస్తాను" అని వంటింట్లోకి వెళ్లింది. ఆమె ఫోను సోఫా చెయ్యి మీద, నా మోచేతి పక్కనే ఉంది.

తెర మీద ఆ భార్య కిటికీ దగ్గర నిలబడి బ్రెడ్డు కోస్తోంది. అప్పుడు ఫోను వెలిగింది. చదవాలని చదవలేదు. చీకటి గదిలో వెలుగొస్తే కళ్లు అటే పోతాయి.

"మీకు గది సిద్ధంగా ఉంది. ఒకటో తేదీకి వచ్చేస్తే చాలు. ఇంట్లో చెప్పారా?"

పంపినచోట ఒక పెద్ద రేడియో స్టేషను పేరుంది. అది ఇక్కణ్ణించి రాత్రంతా రైల్లో కూర్చుంటే గానీ చేరని ఊళ్లో ఉంది. వెలుగు ఆరిపోయింది. ఆమె కాఫీలు పట్టుకుని వచ్చి, నా కప్పు నా చేతికందేట్టు పెట్టి, కాళ్లు మడుచుకుని కూర్చుంది. "ఏమైనా జరిగిందా?" అంది తెరవైపు చూపిస్తూ.

"ఏం లేదు. బ్రెడ్డు కోస్తోంది."

సినిమా అయ్యేదాకా నేను తల ఎత్తలేదు. చివరి వరసల్లో సూది దూరలేదు, గోరుతో దారం వదులు చేసుకుని దూర్చాను.

ఆమె పట్టీని బల్ల మీద పరిచింది. కింద విశాలంగా మొదలై, సగం దాటాక నడుం పట్టుకుని నొక్కినట్టు ఇరుకైపోయి, అలాగే పైదాకా పోయింది. టేపు పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది.

"ఇంత ఇరుగ్గా ఎప్పుడూ రాలేదు! నారింజరంగుదే గొప్పనుకున్నాను. నేను ఆవలిస్తూ కూర్చున్నానే, నాకు బుద్ధుందా? ఇదన్నమాట అసలు సినిమా!"

అప్పుడే చెప్పొచ్చు. చెబితే, "అవును అత్తయ్యా" అంటుంది. ఆ అవును వినడానికి నేను సిద్ధంగా లేను. దారం చుట్టుకుంటూ కూర్చున్నాను.

ఆ తర్వాత మా ఇంట్లో జరిగినదాన్ని ఎవరైనా సినిమాగా తీస్తే, ఆమె దానికి మొదటి స్థానం ఇచ్చేది. ఒకరోజు అటక మీంచి పెట్టె దింపింది. "దుమ్ము పట్టింది, తుడుద్దామని" అంది. తుడిచాక మళ్లీ పైన పెట్టలేదు. ఇంకోరోజు కరెంటు బిల్లు ఫోన్లో ఎలా కట్టాలో నాకు నేర్పింది. "నువ్వున్నావుగా" అన్నాను. "నేర్చుకుంటే పోయేదేముంది అత్తయ్యా" అంది, నా మొహంలోకి చూడకుండా. గ్యాసు వాడి నెంబరు, నా మందుల షాపు నెంబరు పెద్ద అక్షరాల్లో రాసి ఫ్రిజ్ మీద అంటించింది. ఆమె ఏ గదిలో ఉంటే ఆ గదిలోంచి ఏదో ఒక చప్పుడు. సొరుగు తీసిన చప్పుడు, జిప్పు లాగిన చప్పుడు. ప్రతి చప్పుడుకీ నా వీపు బిగుసుకునేది.

"అత్తయ్యా, మీతో ఒక మాట" అంది ఒకనాడు భోజనాల దగ్గర.

"ఉప్పు తక్కువైందా?"

"కాదు. కూర్చోండి, చెబుతాను."

"పాలు పొంగుతున్నట్టున్నాయి" అని లేచిపోయాను. స్టవ్ మీద పాలే లేవు. ఆమెకీ తెలుసు. నేను తిరిగొచ్చేసరికి కంచం ముందు తల వంచుకుని తింటోంది. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

కార్యక్రమం రోజున వంటింట్లో రేడియో పెట్టుకుని విన్నాను. బూడిదరంగు సినిమాని అందరికంటే ముందు పెట్టింది. "ఇది తొందరపడే సినిమా కాదు. ఓపిగ్గా కూర్చోండి. సగం దాటాక మీ ఊపిరి మీకు దొరకదు. మా ఇంటి కొలతలో ఇప్పటిదాకా ఇంత భయం రాలేదు" అంది. గొంతులో ఎంత నమ్మకమో! నాకు చెవులు మూసుకోవాలనిపించింది.

మర్నాడే కింద వాటాలోని టైలరు మెట్ల దగ్గర నన్ను పట్టుకున్నాడు. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క.

"అక్కగారూ, మీ కోడలు మమ్మల్ని నిలువునా ముంచింది!"

"ఏమైంది నాయనా?"

"ఏమైందా? నేను తలుపులన్నీ గడియపెట్టాను. మా ఆవిడ దుప్పటి ముసుగేసుకుని కూర్చుంది. ఎవరో ఆవిడ బ్రెడ్డు కోస్తుంది. కిటికీలోంచి చూస్తుంది. మళ్లీ బ్రెడ్డు కోస్తుంది. అంత బ్రెడ్డు ఎవరు తింటారండీ ఆ ఇంట్లో? దయ్యం వచ్చేవేళకి మా ఆవిడ గురక పెడుతోంది. ఆ గురక విని నేను దడుచుకున్నాను, అదొక్కటే భయం."

లోపల్నుంచి అతని భార్య, "నీ గురక కంటేనా!" అని అరిచింది.

నవ్వొచ్చింది గానీ నవ్వలేకపోయాను. సాయంత్రానికి తెలిసింది, ఊరంతా అదే మాట. రేడియోకి ఫోన్లు చేసినవాళ్లంతా ఎగతాళి. కొలత టేపు ఎలుకలు కొట్టేశాయా అని ఒకరు, మీ అత్తగారు బ్రెడ్డు చూసినా జడుసుకుంటారా అని ఒకరు. ఆమె పై అధికారికి గడియారం అని పేరు, మాటమాటకీ టైము చూసుకుంటాడని. ఆయన శుక్రవారం సాయంత్రం ప్రత్యేకంగా సమయం ఇచ్చి, ఆ సినిమా ఎందుకంత గొప్పదో జనానికి విడమరిచి చెప్పమన్నాడట.

ఆ రాత్రి భోజనాలకి ముందు ఆమె బాల్కనీలో నిలబడి ఆయనతో ఫోన్లో మాట్లాడుతోంది. వంటింటి కిటికీ బాల్కనీలోకే ఉంటుంది. నేను గిన్నెలు తోముతూ చెయ్యి ఆపాను.

"అది కాదు సార్, పెద్ద రేడియో వాళ్లు నన్ను పిలిచిందే ఈ కార్యక్రమం విని. ఇప్పుడేమో శుక్రవారం విన్నాక మాట్లాడదాం అంటున్నారు. అంటే ఏంటి? అప్పుడు కూడా నవ్వులపాలైతే ఇక రావొద్దనేగా... లేదు, అత్తయ్యకి ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పను సార్? పెట్టె దింపితేనే ఆవిడ రెండు రోజులు తిండి తినలేదు."

కుళాయి కట్టేసి అక్కడే నిలబడ్డాను. అంటే శుక్రవారం ఆమె నవ్వులపాలైతే ఈ ఇంట్లోనే ఉంటుంది. అందుకు నేను చెయ్యవలసింది ఏమీ లేదు. ఊరుకుంటే చాలు. ఇన్నాళ్లూ చేస్తున్న పనే.

శుక్రవారం కార్యక్రమం దాకా ఆగకుండా, మర్నాడే నియమం పక్కన పెట్టి అడిగింది. "అత్తయ్యా, నిజం చెప్పండి. ఎక్కడ భయమేసింది?"

"గుర్తులేదమ్మా. ఏదో ఒకచోట."

"ఏదో ఒకచోట కాదు, ఒకేచోట. పట్టీ చెబుతోందిగా."

శుక్రవారం మధ్యాహ్నం తెరలు దించి ఆ సినిమా మళ్లీ పెట్టింది. పట్టీ మొదలు సినిమా మొదలు, పట్టీ చివర సినిమా చివర. ఆ లెక్కన ఇరుకు మొదలైన చోటు సగం దాటిన కాసేపటికి వస్తుంది. పట్టీని ఒళ్లో పరుచుకుని, ఆ చోట వేలు ఆనించి, సినిమాని అక్కడికి తెచ్చి ఆపింది. కిటికీ దగ్గర భార్య. చేతిలో కత్తి. బ్రెడ్డు.

"ఇదే. నేను కాఫీకి వెళ్లిన చోటు. నేను చూడనిది మీరు చూశారు" అంది. నావైపు తిరగలేదు. లేచి తెర దగ్గరికంటా వెళ్లింది. ముందుకి నడిపింది, వెనక్కి తెచ్చింది. ఆ కత్తి దిగడం, లేవడం, దిగడం. గదిలో నీలం వెలుగు ఆమె మొహం మీద కదులుతోంది.

"అత్తయ్యా!" అంది ఉన్నట్టుండి, గొంతు తగ్గించి. "కిటికీ అద్దంలో చూడండి. ఆమె భుజం వెనక. ఉందా?"

"ఏముంది?"

"మొహం. ఆ మూల. కళ్లు లేవు, కింది భాగమే. ఎవరో గదిలో ఆమె వెనకే నిలబడి ఉన్నారు, అద్దంలో మాత్రమే పడుతున్నారు."

అక్కడ ఏమీ లేదని నాకు తెలుసు. ఈ లోకంలో ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అయినా ఆమె వేలు చూపించిన చోటే చూస్తూంటే, మంచు మసకలో ఒక గడ్డంలాంటిది నాకూ కనబడింది. రెప్ప వేస్తే పోయింది. మళ్లీ వచ్చింది.

"ఇది చూడండి" అని చెయ్యి చాపింది. మోచేతి దాకా వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. "ఎన్నేళ్లైంది అత్తయ్యా నాకిలా అయి! తీసినవాడెవడో గానీ మహానుభావుడు. దాచిపెట్టాడు. ఎవరికీ కనబడకుండా దాచాడు. మీ చేతులకి దొరికిపోయాడు!"

ఆమె కళ్లలో భయం, భయంతో పాటు పండగ. లేచి జుట్టు ముడి వేసుకుంది. రేడియోలో ఇదే చెబుతుందట. జనాన్ని ఆ చోట ఆపి చూడమంటుందట. ఊరంతా ఆపి చూస్తుంది. టైలరు ఆపి చూస్తాడు. పెద్ద రేడియో వాళ్లు ఆపి చూస్తారు. బ్రెడ్డు, మంచు, ఖాళీ అద్దం. లేని మొహాన్ని చూపించినమ్మ అని ఆమెకి జీవితాంతం పేరుండిపోతుంది.

గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ ఆగింది. "మీరు చూసింది దాన్నే కదా? అవునా కాదా, అంతే చెప్పండి. ఇంకేం అడగను."

"ఊఁ" అన్నాను.

"అంతే! వెళ్లొస్తా" అని మెట్లు దిగింది.

అలవాటు కొద్దీ బాల్కనీలోకి వెళ్లాను. సంచీ ఊపుకుంటూ, దాదాపు పరుగెడుతూ పోతోంది. మలుపు దగ్గర వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. ఒక్కసారి కాదు, రెండు చేతులూ ఎత్తి ఊపింది, బహుమతి గెలుచుకున్న పిల్లలా. నేనూ చెయ్యి ఎత్తాను. ఎత్తిన చెయ్యి దించలేకపోయాను. మలుపు అవతల బస్సు స్టాపు. బస్సు ఎక్కిందంటే ఇక ఆమెని ఎవరూ ఆపలేరు. బస్సు రొదలో ఫోను వినబడదు, స్టూడియోలోకి వెళ్లాక కట్టేస్తుంది.

చెప్పులు కూడా వేసుకోలేదు. మెట్ల కమ్మీ పట్టుకుని ఎలా దిగానో దిగాను. టైలరు మిషను మీంచి తల ఎత్తి, "అక్కగారూ, ఏంటా పరుగు? నిప్పంటుకుందా?" అన్నాడు. జవాబు చెప్పే ఊపిరి లేదు. వీధిలో జనం పక్కకి తప్పుకున్నారు. కాలికింద గులకరాళ్లు గుచ్చుకుంటున్నాయి. మలుపు తిరిగేసరికి ఆమె స్టాపులో నిలబడి, బస్సు వచ్చే వైపు చూస్తోంది. దూరంగా బస్సు కనబడుతోంది కూడా.

"అమ్మాయ్!"

వెనక్కి తిరిగి నా కాళ్లు చూసి హడలిపోయింది. "అత్తయ్యా! ఏమైంది? ఒంట్లో బాగోలేదా? కూర్చోండి, ముందు కూర్చోండి."

"అద్దంలో ఏమీ లేదు."

"ఏంటి?"

"అద్దంలో మొహం లేదు, దయ్యం లేదు, ఏమీ లేదు. నేనసలు సినిమానే చూడట్లేదు అప్పుడు. నీ ఫోను చూశాను. గది సిద్ధంగా ఉందని వచ్చింది. ఒకటో తేదీకి రమ్మని వచ్చింది. అది చదివాకే నా చేతులు అలా అయ్యాయి."

ఆమె నా భుజం మీద పెట్టిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"అప్పట్నుంచీ తెలుసా మీకు?"

"తెలుసు."

"మరి నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే చెబుతావుగా!"

బస్సు వచ్చి ఆగింది. వెనకనున్నవాళ్లు తోసుకుంటున్నారు. కండక్టరు, "ఎక్కేదుంటే ఎక్కండమ్మా, కాపురం కబుర్లు సాయంత్రం చెప్పుకోవచ్చు" అని గదమాయించాడు. ఎక్కింది. కిటికీ పక్కన సీటు దొరకలేదు కాబోలు, జనం భుజాల మధ్య నుంచి ఆమె మొహం ఒక్క క్షణం కనబడింది. కోపమో ఏడుపో పోల్చుకోలేకపోయాను. చెయ్యి ఊపలేదు.

తిరిగొచ్చేసరికి టైలరు భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది. నన్ను చూసి ఏమీ అడక్కుండా లోపల కుర్చీ వేసి, చెంబుతో నీళ్లు తెచ్చి నా కాళ్ల మీద పోసింది. పైకి ఎక్కే ఓపిక లేదు. కత్తిరించిన బట్ట ముక్కల మధ్య కూర్చున్నాను. సాయంత్రం టైలరు మిషను ఆపి రేడియో పెట్టాడు. "ఇవాళ మనకి క్షమాపణ చెబుతుంది, వినండి" అన్నాడు.

ప్రకటనలు అయ్యాయి. తర్వాత ఆమె గొంతు వచ్చింది. మొదట రెండు మాటలు తడబడింది.

"నేను చెప్పిన సినిమా చూసి చాలామంది నిద్రపోయారని విన్నాను. మీరు నిద్రపోవడం సబబే. అందులో భయపెట్టేది ఏమీ లేదు. నేనే ఈ మధ్యాహ్నం అందులో ఒక మొహాన్ని చూశాను. లేని మొహాన్ని. ఇంకాసేపుంటే మీ అందరికీ దాన్ని చూపించేదాన్ని."

టైలరు సుద్దముక్క చెవి మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మా ఇంటి కొలత తప్పలేదు. ఆ రోజు మా ఇంట్లో నిజంగానే అంత భయం ఉంది. అది సినిమాది అనుకోవడం నా పొరపాటు. అల్లుతున్న మనిషిని ఏమైందని అడగకూడదని నియమం పెట్టుకున్నాను. పట్టీని కొలిచాను గానీ ఆవిడ మొహం చూడలేదు. ఆ సినిమా నడుస్తూండగా మా అత్తయ్యకి ఒక సంగతి తెలిసింది. నేను ఈ ఊరు వదిలి వెళ్లబోతున్నానని."

గది చిన్నదైపోయినట్టనిపించింది. టైలరు భార్య నావైపు చూసి చూపు తిప్పుకుంది.

"ఆ ఉద్యోగం ఇప్పుడు ఉందో ఊడిందో నాకు తెలీదు. ఇది విన్నాక వాళ్లు చెబుతారు. ఉంటే మాత్రం వెళ్తాను." కాస్త ఆగింది. "అత్తయ్యా, వింటున్నారా? ఉంటే వెళ్తాను."

ఇంట్లో ఇన్నాళ్లూ నేను తప్పించుకు తిరిగిన మాటని ఊరందరి ముందూ చెప్పింది. విన్నాను. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని విన్నాను. అంతలోనే ఆమె గొంతు మామూలుగా అయిపోయి, నారింజరంగు సినిమాని మొదటికి తెచ్చింది. ఆ పెన్సిలు గీతల సంగతి చెప్పి, అది చూశాక ఎవరి గుమ్మాన్ని వాళ్లు ఒకసారి చూసుకోమంది. దాన్ని ఒంటరిగా మాత్రం చూడొద్దంది.

టైలరు రేడియో కట్టేసి, సుద్దముక్క మళ్లీ చెవి మీద పెట్టుకున్నాడు.

"అయితే మా ఆవిడ గురకని ఎవరి ఖాతాలో వెయ్యాలి?" అన్నాడు.

"నోరు ముయ్యి" అంది భార్య. ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుని మెట్లదాకా వచ్చింది. "ఒక్కరే ఉండబుద్ధి కాకపోతే కిందికి రండి. ఆయన వాగుడు భరించాలి, అంతే" అంది.

పైకి వెళ్లి దీపం వేశాను. దించి ఉన్న తెరలు తీశాను. ఆమె పెట్టె గోడ పక్కనే ఉంది. దానివైపు వెళ్లలేదు. వంట మొదలుపెట్టాను. ఇద్దరికి వండాలా అని కూడా ఆలోచించలేదు. చెయ్యి తన పని తను చేసుకుపోయింది.

గంట మోగింది. తలుపు తీస్తే కోడలు. తాళంచెవి చేతిలోనే ఉంది.

"తాళం ఉందిగా?"

"ఉంది. తియ్యాలనిపించలేదు." లోపలికి రాలేదు, గుమ్మంలోనే నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "వాళ్లు ఫోను చేశారు అత్తయ్యా."

పాలు పొంగుతున్నాయని చెప్పి వెనక్కి తిరిగి ఉండేదాన్నే. వంటింట్లో నిజంగానే ఏదో సిమసిమమంటోంది. తిరగలేదు.

"ఏమన్నారు?"

ఆమె ఈ ప్రశ్న నా నోట వస్తుందనుకోలేదేమో, ఒక్క నిమిషం నన్నే చూసింది.

"ఒకటో తేదీకే రమ్మన్నారు."

"బండి ఎన్నింటికి?"

"ఇంకా టికెట్టు తియ్యలేదు."

"తియ్యి మరి, ఇప్పుడే" అన్నాను. గొంతు వణికింది, వణకనిచ్చాను. "ఆలస్యం చేస్తే కిటికీ పక్కన దొరకదు. రాత్రంతా నడవ పక్కన కూర్చుంటే వచ్చేపోయేవాళ్లు నిన్ను నిద్రపోనివ్వరు."